పగలు ఒక్క మోటారు, రాత్రి ఎనిమిది

దుబాయ్‌లో డ్యూటీ దిగి, గదికొచ్చి, అన్నం వండుకునే వేళకు ఫోన్‌లో ఒక బొమ్మ వచ్చి పడుతుంది. సొంతూళ్లో తను కట్టబోయే ఇల్లు అది. ఇంకా ముగ్గు కూడా పోయలేదు. బొమ్మలో మాత్రం మెట్ల రెయిలింగ్ మీద సాయంత్రం ఎండ మెరుస్తోంది, పోర్టికోలో కారు ఆగి ఉంది, గేటు పక్కన కాగితం పూల తీగ విరగబూసింది. కాసేపు చూసి, ఇంటికి పంపి, వాళ్ల మాట కూడా విని తిరిగి మెసేజ్ పెడతాడు: "అన్నా, పిట్టగోడకు ఆ పచ్చరంగు వద్దు. గోధుమ కలర్ పెట్టి మళ్లొకసారి పంపు."

నిజామాబాదు జిల్లాలోని ముప్కాల్, బాల్కొండ, ఆర్మూరు చుట్టుపక్కల ఇల్లు కట్టే పద్ధతిలో ఈ 'త్రీడీ ఎలివేషన్' ఇప్పుడు ఒక మెట్టు. మేస్త్రీకి ప్లాన్ ఎంత అవసరమో, గల్ఫ్‌లో ఉన్న యజమానికి ఈ బొమ్మ అంత అవసరం. దాన్ని తయారుచేసే కుర్రాడికి రంగు మార్చడం అర నిమిషం పని. మార్చిన రంగుతో బొమ్మను మళ్లీ వండి దించడానికి పట్టేదే అసలు సమయం. ఆ వంటనే రెండరింగ్ అంటారు. పాత కంప్యూటర్ మీద అది గంట తింటుంది, రెండు గంటలూ తింటుంది. అప్పుడు పుడుతుంది ప్రశ్న: కొత్త మిషన్ కొంటే ఏ ప్రాసెసర్ వేయించాలి?

దుకాణంలో అడిగితే జవాబు తొందరగానే వస్తుంది: "ఎక్కువ కోర్లున్నది తీసుకో." అందులో సగం నిజముంది. మిగతా సగం తెలుసుకోవాలంటే ముందు ఆ వంట ఎలా జరుగుతుందో చూడాలి.

వెలుగు వెనక్కి నడిస్తే

మన కంటికి గోడ కనబడుతున్నదంటే సూర్యుడి వెలుగు గోడను తాకి, అక్కడినుంచి కంటికి చేరిందని అర్థం. కొంత వెలుగు నేలను తాకి, గోడకు ఎగిరి, అప్పుడు వస్తుంది. ఎర్రమట్టి వాకిలి పక్కనున్న తెల్లగోడ అడుగున కాస్త ఎర్రజీర కనబడేది అందుకే. కంప్యూటర్ ఈ ప్రయాణాన్ని తలకిందులు చేస్తుంది. కంటినుంచి, అంటే కెమెరానుంచి, ఒక కిరణాన్ని దృశ్యంలోకి వదులుతుంది. అది దేన్ని తాకింది, ఆ వస్తువు రంగేమిటి, అక్కడినుంచి ఎటు ఎగిరింది, చివరకు ఏదైనా దీపానికో ఆకాశానికో చేరిందా అని లెక్క కడుతుంది. 1986లో జేమ్స్ కజియా అనే శాస్త్రవేత్త ఈ లెక్కనంతా ఒకే సమీకరణంలో పెట్టాడు. ఇవాళ్టి రెండరర్లు చాలావరకు దాన్ని సాధించే యంత్రాలే.

ఒక మామూలు ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. చుక్కకు ఒక్క కిరణం వదిలితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. అందుకే చుక్కకు 500 కిరణాలు వదిలి సగటు తీస్తారు. అంటే 103 కోట్ల పైచిలుకు కిరణాలు, అందులో ఒక్కొక్కటి నాలుగైదుసార్లు ఎగురుతుంది. ఇదీ ఒక్క పోర్టికో బొమ్మ వెనకున్న చాకిరీ.

ఆ ఇసుకను సగానికి తగ్గించాలంటే కిరణాలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. గరుకుతనం కిరణాల సంఖ్య వర్గమూలం చొప్పున మాత్రమే తగ్గుతుంది. 500 ఉన్నచోట 2,000 కావాలి. కొంచెం నున్నగా రావాలని అంకె పెంచినవాడు రాత్రంతా ఎందుకు జాగారం చేస్తాడో ఈ లెక్కే చెబుతుంది.

బీడీల చాట లాంటి పని

ఈ కోట్ల కిరణాలకు ఒక మంచి గుణముంది. ఏ చుక్క లెక్క దానిదే. పిట్టగోడ మీది చుక్కకు కారు అద్దం మీది చుక్కతో మాటే అవసరం లేదు. నిజామాబాదు జిల్లాలో ఇంటింటా ఆడవాళ్లు చుట్టే బీడీల వంటిది ఈ పని. ఆకు, తంబాకు, దారం పంచిస్తే ఎవరి చాట వాళ్లది. ఒకరు చుట్టే బీడీ పక్కామె బీడీ కోసం ఆగదు. పదిమంది కూర్చుంటే వెయ్యి బీడీలు పదో వంతు సమయంలో తయారు.

ప్రాసెసర్‌లో కోర్ అంటే అలా చాట పట్టుకుని కూర్చున్న ఒక మనిషి. రెండర్ నడుస్తుండగా తెర మీద చిన్న చిన్న గళ్లు వెలుగుతూ కనిపిస్తాయి, గమనించారా? ఒక్కో గడిని ఒక్కో కోర్ అందుకుంటుంది. సులువైన ఆకాశం గడి చిటికెలో అయిపోతుంది. గాజు తలుపు గడి దగ్గర ఒక కోర్ చాలాసేపు కూర్చుంటుంది. ముందుగా ముగించిన కోర్ ఖాళీగా ఉండదు, తర్వాతి గడిని తీసుకుంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో పెద్ద కోర్లూ చిన్న కోర్లూ కలిసి ఉన్నా రెండరింగ్‌కు ఇబ్బంది రానిది ఈ ఏర్పాటు వల్లనే. నిదానస్తులు నాలుగు గళ్లు తక్కువ చేస్తారు, అంతే.

డబ్బా మీద 16 కోర్లు, 32 థ్రెడ్లు అని ఉంటే 32 మంది అనుకోవద్దు. మనుషులు పదహారుగురే. ఒక్కొక్కరి ముందు రెండేసి చాటలు పెట్టారన్నమాట. ఒక చాటలో సరుకు రావడం ఆలస్యమైతే చేయి ఊరుకోకుండా రెండో దాని మీద పడుతుంది. దానివల్ల రెండరింగ్‌లో ఇంచుమించు పావు వంతు పని అదనంగా తెమలుతుంది, రెట్టింపు మాత్రం కాదు.

వేగం ఎందుకు ఆగిపోయింది?

ఒకప్పుడు ఈ గుంపు అవసరం ఉండేది కాదు. ప్రతి ఏడూ ఒకే కోర్ మరింత వేగంగా వచ్చేది. 2004లో ఆ బండి ఆగింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం తెస్తామని చెప్పిన ఇంటెల్ ఆ ఏడాది దాన్ని విరమించుకుంది. కారణం వేడి. చిప్ తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. రెండూ కలిసి చిప్‌ను పెనంగా మార్చేశాయి. 2005 నుంచి కంపెనీలు దారి మళ్లించాయి: ఒకే పహిల్వానును ఇంకా బలిపించడం మాని ఇద్దరిని, తర్వాత నలుగురిని, ఇప్పుడు పదహారుగురిని ఒకే చిప్ మీద కూర్చోబెట్టాయి.

ఈ ఉపాయాన్ని కళ్లారా చూడాలంటే ముప్కాల్‌లోనే చూడొచ్చు. శ్రీరాంసాగర్ పునరుజ్జీవన పథకంలో వరద కాలువను వెనక్కి నడిపించి, నీళ్లను మూడు చోట్ల ఎత్తిపోసి జలాశయానికి చేర్చే ఏర్పాటు చేశారు. మొదట రాంపూర్, తర్వాత రాజేశ్వరరావుపేట, చివరిది ముప్కాల్. ఒక్కో పంపుహౌస్‌లో ఎనిమిదేసి మోటార్లు, ఒక్కోటి 6.5 మెగావాట్లు. ఎనిమిదింటి పని చేసే ఒకే మహా మోటారును పెట్టలేదు. ఎనిమిదీ పక్కపక్కన నిలబడి ఒకే నీటిని పంచుకుని ఎత్తుతాయి. ఇవి కోర్లు.

ఇంకో సంగతీ ఉంది. మూడు పంపుహౌస్‌లు మాత్రం పక్కపక్కన లేవు, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. రాంపూర్ ఎత్తితేనే రాజేశ్వరరావుపేటకు నీళ్లు, అక్కడ ఎత్తితేనే ముప్కాల్‌కు. ముప్కాల్‌లో ఇంకో ఎనిమిది మోటార్లు పెంచినా, వెనక నుంచి వచ్చే నీళ్లకు మించి ఒక్క చుక్క ఎక్కువ ఎత్తలేం. "ఎక్కువ కోర్లున్నది తీసుకో" అనే సలహాలో తప్పిపోయిన సగం ఇదే.

కాటా దగ్గర ఆగిన బండ్లు

1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ రూపశిల్పి దీన్ని లెక్కగా చెప్పాడు. ఆయన మాటను బోధన్ చెరుకు రైతు భాషలోకి దించితే ఇలా ఉంటుంది. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొంది, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీని తలచుకోండి. లోపల గానుగ రోలర్లు ఎన్నైనా పెంచొచ్చు. గేటు దగ్గర కాటా ఒక్కటే ఉంటే, బండి తర్వాత బండి తూగాల్సిందే. రోలర్లు రెట్టింపైనా వరుసలో నిలబడ్డ రైతు ముందుకు జరిగే వేగం మారదు.

రెండరింగ్‌లో కాటా ఎక్కడుంది? కిరణాలు వదలకముందు దృశ్యాన్ని డిస్క్ నుంచి తేవాలి, టైల్స్, చెక్క, గడ్డి బొమ్మల్ని విప్పాలి, ఏ వస్తువు ఎక్కడుందో తొందరగా వెతకడానికి ఒక పట్టిక కట్టాలి. ఇందులో చాలా భాగం ఒకటి రెండు కోర్లతోనే నడుస్తుంది.

అంకెల్లో చూద్దాం. ఒకే కోర్ మీద గంట పట్టే రెండర్‌లో 3 నిమిషాలు కాటా పని, 57 నిమిషాలు పంచుకోగల పని అనుకోండి. 8 కోర్లతో అది 10 నిమిషాలకు దిగుతుంది. 16తో 6.6, 32తో 4.8, 64తో 3.9. 8 నుంచి 16కు వెళ్తే మూడున్నర నిమిషాలు మిగిలాయి. 32 నుంచి 64కు వెళ్తే నిమిషం కూడా మిగల్లేదు. కోర్లు లక్ష పెట్టినా 3 నిమిషాల కిందికి దిగదు.

పని పెద్దదైతే కథ మారుతుంది. అదే కాటా పని 3 నిమిషాలుండి, మొత్తం పది గంటల రెండర్ అయితే? 16 కోర్లకు 40 నిమిషాలు పడితే, 64 కోర్లకు 12 నిమిషాలే. కాబట్టి అరవై నాలుగు కోర్ల 'థ్రెడ్‌రిప్పర్' లాంటి పెద్ద చిప్ వృథా ఖర్చా, తెలివైన ఖర్చా అన్నది చిప్ చెప్పదు, మీ పని చెబుతుంది.

సినిమా వాళ్ల పని అలాంటిది. తెర మీద సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 1,440. ఒక్కో బొమ్మ గంట తింటే ఒక మిషన్‌కు నిమిషం సినిమా అరవై రోజులు. అరవై మిషన్లు పెడితే ఒక్క రోజు. 2012లో వచ్చిన 'ఈగ'లో కథానాయకుడే కంప్యూటర్ బొమ్మ. దానికి హైదరాబాదులోని మకుట వీఎఫ్‌ఎక్స్ ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ అవార్డు అందుకుంది. ఈ రకం పనిలో కోర్లు ఎన్నున్నా దండుగ కావు, ఎందుకంటే బొమ్మకూ బొమ్మకూ సంబంధం లేదు. ఎలివేషన్ గీసే కుర్రాడికి కావలసింది నాలుగు బొమ్మలు. ఆయన లెక్క వేరు.

పగటి పని, రాత్రి పని

ఆ కుర్రాడి దినచర్యను చూడండి. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా గోడలు లేపుతాడు, కిటికీలు కోస్తాడు, రంగులు పులుముతాడు. స్కెచప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గోడను మౌస్‌తో లాగుతున్నప్పుడు పనిచేసేది చాలావరకు ఒకే కోర్. పదహారు కోర్లుంటే మిగతా పదిహేనూ చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది: తెర ఆగి ఆగి కదులుతుంటుంది, ప్రాసెసర్ వాడకం మాత్రం పది శాతం లోపే చూపిస్తుంది. చాలామంది ఆ పది శాతం చూసి ప్రాసెసర్‌లో తప్పు లేదనుకుంటారు. నిజానికి ఒక మోటారు పూర్తిగా తిరుగుతోంది, దాని వెనకే పనంతా ఆగింది.

రాత్రి రెండర్ పెట్టి పడుకున్నాక అన్ని కోర్లూ లేస్తాయి. కాబట్టి ఒక మిషన్‌కు రెండు రకాల యోగ్యత కావాలి: పగటికి ఒక్క కోర్ చురుకు, రాత్రికి గుంపు బలం. ఎక్కువ కోర్లున్న పెద్ద వర్క్‌స్టేషన్ చిప్‌లలో ఒక్కో కోర్ సాధారణంగా కాస్త నిదానం. అందుకే ఒంటరిగా పనిచేసే డిజైనర్‌కు వాటికంటే మామూలు డెస్క్‌టాప్ పై తరగతి చిప్ నయం. 2024లో వచ్చిన ఏఎండీ రైజెన్ 9 9950ఎక్స్‌లో 16 కోర్లు, గరిష్ఠ వేగం 5.7 గిగాహెర్ట్జ్. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కెలో 8 పెద్ద, 16 చిన్న కోర్లు. రెండూ పగలూ రాత్రీ పనికొచ్చేవే. డబ్బా మీది గరిష్ఠ వేగం మాత్రం ఒకటి రెండు కోర్లు పనిచేసేటప్పటిది. అన్నీ కలిసి లాగేటప్పుడు వేగం అంతకన్నా తగ్గుతుంది.

ముందు సాఫ్ట్‌వేర్ పేరు చెప్పండి

దుకాణానికి వెళ్లేముందు ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి: మీ రెండర్ అసలు ప్రాసెసర్ మీద నడుస్తుందా? కరోనా రెండరర్ అయితే అవును, పనంతా ప్రాసెసర్‌దే. లూమియన్, ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్ అయితే పనంతా గ్రాఫిక్స్ కార్డుది. అక్కడ 16 కోర్ల ప్రాసెసర్‌కు పెట్టిన డబ్బు రాత్రి పూట నిద్రపోతుంది. 8 కోర్ల చిప్ తీసుకుని మిగిలిన డబ్బు కార్డులో పెట్టాలి. వీ-రే, ఉచితంగా దొరికే బ్లెండర్‌లోని సైకిల్స్ రెండింటి మీదా నడుస్తాయి.

కార్డు చాలా వేగం. దానిలో వేలకొద్దీ చిన్న లెక్కల యంత్రాలుంటాయి. చిక్కల్లా చోటుతోనే. దృశ్యమంతా కార్డు సొంత మెమరీలో పట్టాలి. 8 జీబీ కార్డులో ఇల్లు పడుతుంది. ఇంటి చుట్టూ పచ్చిక, వేపచెట్లు, పక్కిళ్లు, రెండు కార్లు పెట్టేసరికి నిండిపోతుంది. అప్పుడు వేగం కూలబడుతుంది, లేదా రెండర్ ఆగిపోతుంది. ప్రాసెసర్‌కు ఆ బాధ తక్కువ, ర్యామ్ ఎంత వేసుకుంటే అంత. ఎలివేషన్లకు 32 జీబీ సరిపోతుంది, తోటలూ వెంచర్లూ చేసేవారికి 64 కావాలి. అది ఒకే స్టిక్‌గా కాక రెండు స్టిక్‌లుగా వేయించుకోండి. జలాశయంలో ఎన్ని నీళ్లున్నా తూము ఒకటే తెరిస్తే పొలానికి చేరేది సగమే. డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ర్యామ్ తూములు రెండు ఉంటాయి. ఒకే స్టిక్ పెడితే ఒకటి మూసినట్టే. ఆటల కోసం అదనపు క్యాష్ మెమరీ పొదిగిన చిప్‌లకు ఎక్కువ డబ్బు పెట్టడం కూడా రెండరింగ్‌కు అనవసరం.

మే నెలలో గది

ఆ 9950ఎక్స్ పూర్తి లోడ్ మీద ఇంచుమించు 200 వాట్లు తీసుకుంటుంది. ఒక హెచ్‌పీలో మూడో వంతు కన్నా తక్కువే. బావి దగ్గరి ఐదు హెచ్‌పీ మోటారు ముందు అది చిన్నదే, కానీ అరచేతిలో పట్టే చిప్ మీద ఆ వేడంతా పుడుతుంది. కూలర్ వేడిని మాయం చేయదు, చిప్ నుంచి తీసి గదిలోకి వదులుతుంది. కాబట్టి చిప్ వేడి గది వేడికి ఎప్పుడూ చాలా డిగ్రీలు పైనే. 25 డిగ్రీల ఏసీ గదిలో 80 దగ్గర నడిచే చిప్, 40 డిగ్రీల రేకుల షెడ్డులో 95 తాకుతుంది. 95 దానికి హద్దు. అక్కడ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నగరంలో కూర్చుని తీసిన బెంచ్‌మార్క్ అంకె మే నెలలో ముప్కాల్‌లో రాకపోవడానికి కారణం ఇదే.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. బయోస్‌లో ఎకో మోడ్ పెట్టి కరెంటు పరిమితి తగ్గించండి. పైన చెప్పిన వోల్టేజీ వర్గం లెక్క ఇప్పుడు మన వైపు పనిచేస్తుంది: కరెంటు బాగా తగ్గుతుంది, వేగం కొద్దిగానే తగ్గుతుంది. రాత్రి పడుకున్నప్పుడు నడిచే రెండర్ ఐదింటికి బదులు ఐదున్నరకు ముగిస్తే నష్టమేమీ లేదు. మొత్తం మిషన్ 350 వాట్లు తీసుకుంటే ఎనిమిది గంటలకు 2.8 యూనిట్లు. కరెంటు బిల్లుకన్నా భయపడాల్సింది కరెంటు పోవడానికి. మంచి యూపీఎస్ లేకుండా రాత్రి రెండర్ పెట్టడం వానాకాలం కళ్లంలో పసుపు ఆరబోయడం లాంటిది. దుమ్ము సంగతీ చూసుకోవాలి. పసుపు పాలిష్ పట్టే రోజుల్లో గాలిలో ఎగిరే పొడి కూలర్ రెక్కల్లో పేరుకుంటుంది. నెలకోసారి ఫిల్టర్ దులపాలి.

పాత మిషన్ కొనేవారికి ఒక హెచ్చరిక. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువ కరెంటు తీసుకునే రకాలు కాలక్రమంలో అస్థిరమవుతున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని, సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అలాంటిది తీసుకుంటే బయోస్ తాజాగా ఉందో లేదో, వారంటీ ఎంత మిగిలిందో చూసుకుని, రెండు గంటలు పూర్తి లోడ్ మీద నడిపించాకే డబ్బు చేతికివ్వండి.

వారం రోజుల పద్దు

కొనేముందు ఒక నోటుబుక్కు తీసుకోండి. వారం రోజులు మీరు మిషన్ కోసం ఎదురుచూసిన ప్రతిసారీ రాయండి: ఏం చేస్తుండగా ఆగింది, ఎంతసేపు ఆగింది, ఆ సమయంలో టాస్క్ మేనేజర్ ఏం చూపించింది. అందులో కోర్ల గళ్లన్నీ నిండుగా ఉంటే ఇంకా కోర్లు కావాలి. ఒక్కటే నిండి మిగతావి ఖాళీగా ఉంటే చురుకైన కోర్ కావాలి. అన్నీ ఖాళీగా ఉండి డిస్క్ దీపం మెరుస్తుంటే ఎస్‌ఎస్‌డీయో ర్యామో కావాలి. ప్రాసెసర్ తీరిగ్గా ఉండి కార్డు ఒక్కటే మండిపోతుంటే కార్డు మార్చాలి. మీ సొంత ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి దుకాణంలోనే రెండర్ పెట్టి చూడమనండి. ఎవరి బెంచ్‌మార్కూ దానికి సాటిరాదు.

చాలామంది పద్దులో తేలేది ఒకటే: రోజులో ఎనిమిది గంటలు ఒక్క మోటారు పని, మిగతాది ఎనిమిది మోటార్ల పని. నిద్రపోతూ ఎదురుచూసే సమయానికి ఖరీదు లేదు. మేలుకుని, మౌస్ పట్టుకుని ఎదురుచూసే సమయానికే ఉంది. ముందు పగటి మోటారుకు పెట్టండి, మిగిలిన డబ్బుతో రాత్రి మోటార్లు కొనండి.